నీళ్ళకు గడి లేదు

మా జిల్లాలో మొన్న మార్చిలో ప్రోటీన్ పోయింది. వంద గ్రాముల పప్పుకి పదిహేను గ్రాముల చొప్పున, పట్టపగలు, పొయ్యి మీద నుంచి పోయింది. గేదె పోతే చేలో వెతుక్కోవచ్చు. మోటారు పోతే స్టేషనుకి వెళ్ళి కాగితం రాసివ్వచ్చు. ప్రోటీన్ పోతే ఎవరికి చెప్పుకోవాలో జనానికి తెలియదు కాబట్టి ప్రభుత్వం ముందుచూపుతో మా ఆఫీసు పెట్టింది. దాని పేరు పప్పుధాన్య పోషక పరిరక్షణ విభాగం. పాత పశువుల ఆసుపత్రి మేడ మీద ఉంటుంది. నేను అందులో జూనియర్ అసిస్టెంటుని. పేరు మాల్యాద్రి. ఇరవై ఏళ్ళుగా జూనియర్‌నే.

మా జాయింట్ డైరెక్టరు డాక్టర్ శేషావతారం గారు. డాక్టరంటే మందులిచ్చే డాక్టరు కాదు. గిడ్డంగుల భద్రత మీద పరిశోధన చేసి డాక్టరైన మనిషి. ఏ తాళాన్ని ఏ చువ్వతో తీయొచ్చో ఆయనకు తెలిసినంతగా దొంగలకు కూడా తెలియదని చెప్పుకుంటారు. అలాంటి మనిషిని తెచ్చి పప్పు మీద వేశారు. లోకంలో ఏదైనా తగ్గిందంటే ఎవరో ఎత్తుకుపోయారన్నది ఆయన సిద్ధాంతం. జుట్టు పల్చబడుతుంటే కూడా ఆయన మంగలినే అనుమానించారు.

ఒక మంగళవారం ఆయన నన్ను పిలిచారు.

"మాల్యాద్రీ, మన పరిధిలోని వసతిగృహాలలో పప్పు యొక్క ప్రోటీన్ స్థితిగతులను ఆద్యంతం పరిశీలించవలసి ఉన్నది. స్టోరు గదిలో ఒక నమూనా, కంచంలో ఒక నమూనా సేకరించుము" అన్నారు.

ఆయన ఇంట్లో కూడా అలాగే మాట్లాడతారట. నేను తిమ్మరాయునిపాడు బాలికల హాస్టల్‌కి వెళ్ళాను. బస్సు దాని ముందే ఆగుతుంది, అంతకన్నా వేరే కారణం లేదు. స్టోరులో కందిపప్పు వంద గ్రాములు, వండిన పప్పు వంద గ్రాములు రెండు డబ్బాల్లో పట్టి లేబరేటరీకి పంపాను. వారం తర్వాత రిపోర్టు వచ్చింది. పచ్చి పప్పులో ఇరవై రెండు గ్రాముల ప్రోటీన్, వండిన పప్పులో ఏడు.

శేషావతారం గారు ఆ కాగితాన్ని వెలుతురుకి ఎత్తిపట్టి చూశారు.

"ఇరవై రెండులో ఏడు పోగా?"

"పదిహేను సార్."

"ఆ పదిహేను ఎక్కడ?"

నేను కిటికీలోంచి బయటికి చూశాను. అక్కడ లేవు.

"స్టోరు వద్ద ఇరవై రెండు. కంచం వద్ద ఏడు. ఈ రెంటి మధ్య ఎవరున్నారు?"

"వంటమనిషి ఉంది సార్. అంకమ్మ."

"రాసుకో" అన్నారు ఆయన. ఆయన మొహంలో అంత సంతోషం నేనెప్పుడూ చూడలేదు.

మెమో నేనే టైపు చేశాను. 'సదరు వంటమనిషి అంకమ్మ గారి ఆధీనంలో ఉంచబడిన కందిపప్పు నుండి, వండు సమయమున, ప్రతి వంద గ్రాములకు పదిహేను గ్రాముల ప్రోటీన్ గల్లంతు అయినట్లు రుజువైనది. కావున ఈ నెల పదిహేనవ తేదీ లోపు సదరు ప్రోటీన్‌ను అప్పగించవలెను, లేదా అది ఎక్కడ ఉన్నదో సంజాయిషీ ఇవ్వవలెను. లేనిచో విధుల నుండి తొలగించబడుదురు.' 'రుజువైనది' అన్న మాట దగ్గర రెండుసార్లు తప్పు కొట్టాను. ఎందుకంటే మా ఇంట్లో కూడా గ్లాసు పప్పుకి మూడు గ్లాసుల నీళ్ళు పోస్తారు. జరిగిందేమిటో ఎసట్లో పప్పు వేసిన ఏ మనిషికైనా తెలుసు. కానీ మా ఆఫీసులో తెలిసిన విషయం వేరు, ఫైల్లో ఉన్న విషయం వేరు. జీతం రెండోదానికి ఇస్తారు.

ఆ పదిహేనో తేదీకి ఇంకో అర్థం కూడా ఉంది. అంకమ్మ ఇరవై రెండేళ్ళుగా కాంట్రాక్టు మీద వండుతోంది. ఈ ఏడాది పర్మినెంటు చేసే వాళ్ళ జాబితాలో ఎట్టకేలకు ఆమె పేరు వచ్చింది. ఆ జాబితా పై ఆఫీసుకు వెళ్ళేది కూడా పదిహేనునే. మెమో తలమీద ఉంటే పేరు కొట్టేస్తారు. ఇంకో జాబితా వచ్చేసరికి ఆమెకు అరవై దాటతాయి.

హాస్టల్ వంటగదిలో అంకమ్మ గుండిగ ముందు నిలబడి పప్పు యెనుపుతోంది. సన్నటి మనిషి. గరిటె ఆమె కన్నా పొడుగ్గా కనిపించింది. నేను మెమో చదివి వినిపించాను.

"పోటీన్ అంటే ఏంది నాయనా?"

"బలం పెద్దమ్మా. పప్పులో ఉండే బలం."

ఆమె గరిటె పక్కన పెట్టి రెండు చేతులూ నా ముందుకు చాపింది. ఎముకల మీద తోలు ఉంది, అంతే.

"పప్పులో బలమంతా నేను లాక్కున్నానంటన్నారా మీ సారు? చూడు నాయనా. ఇయ్యి బలం తిన్న చేతులేనా?"

మెమో ఆ చేతుల్లో పెట్టలేక పొయ్యి గట్టు మీద పెట్టాను.

"నీళ్ళు పోసినా నాయనా" అంది ఆమె. "కిలో పప్పుకి మూడు కిలోల నీళ్ళు. ఉడికితే ఉబ్బిద్ది గదా. ఒక గరిటె పప్పు మూడు గరిటెలు అయిద్ది. ఆ ఒక్క గరిటెలో ఉన్న బలమే మూడిట్లో సర్దుకుంటది. నువ్వు ఒక్క గరిటె తీసుకెళ్ళి కొలిస్తే తక్కువ రాక ఎట్టా వచ్చిద్ది? ఇంక బలం యాడికి పోయిద్ది, గుండిగలోనే ఉండిద్ది."

ఒక్క అక్షరం కూడా తప్పు లేదు. నేను సంచిలోంచి ఏడో నంబరు ఫారం తీశాను. పప్పుకి సంబంధించిన సంజాయిషీ ఏదైనా ఆ ఫారంలోనే రాయాలి. అందులో పప్పుకి గడి ఉంది, చింతపండుకి ఉంది, ఉప్పు, పసుపు, నూనె, ఎండుమిరపకాయలకు ఉంది. కరివేపాకుకి కూడా చిన్న గడి ఉంది. రెండుసార్లు తిరగేసి చూశాను.

"నీళ్ళకు గడి లేదు పెద్దమ్మా."

"గడి లేకపోతే నీళ్ళు పోయకుండా ఉడికిద్దా?"

"ఉడకదు. నాకు తెలుసు. ఫారానికి తెలీదు."

చివరికి 'ఇతరములు' అన్నచోట 'నీళ్ళు పోసినట్టు చెప్పుచున్నారు' అని రాసుకున్నాను. ఆమె నాకు కంచం పెట్టి వేడన్నంలో పప్పు వేసింది. మామిడి ఒరుగులు వేసి వండిన పప్పు. ఏడు గ్రాముల పప్పుని మూడుసార్లు వడ్డించుకున్నాను. మూడేడులు ఇరవై ఒకటి అని తింటున్నప్పుడే తట్టింది కానీ ఎవరికీ చెప్పలేదు.

ఫారం చూసి శేషావతారం గారు కుర్చీలో వెనక్కి వాలారు.

"ఆరోపణ నీటి మీదకు మళ్ళించబడినది. సహజ న్యాయసూత్రాల ప్రకారం నీటిని కూడా విచారించవలసిందే."

హాస్టల్ కుళాయి నీళ్ళు సీసాలో పట్టి, 'అర్జంటు' ముద్ర వేసి పంపాం. ప్రోటీన్ సున్నా అని సాయంత్రానికే రిపోర్టు వచ్చింది.

"చూశావా! నీరు పదిహేను గ్రాములు కాజేసి ఉంటే దాని వద్ద దొరకాలి కదా. సున్నా దొరికినది. కావున నీరు నిర్దోషి. ఈ నెల ఆరవ తేదీ నాటికి నీటిపై ఫైలు మూసివేయడమైనది" అని ఆయనే ఆకుపచ్చ సిరాతో రాసి సంతకం పెట్టారు.

నేను లేబరేటరీలో కెమిస్టు ఫణీంద్రకి ఫోన్ చేశాను. "ఏం తమ్ముడూ, ఆ వండిన పప్పులో తేమ ఎంతుందో కూడా ఒక ముక్క రాసుంటే పోయేదిగా?" అన్నాను.

"తేమకి వేరే ఇండెంటు కావాలన్నా. మీ వాళ్ళు అడిగింది ప్రోటీన్. అడగంది చెప్తే ఎందుకు చెప్పావని నాకు మెమో వస్తది" అన్నాడు. అతని వయసు ముప్పై కూడా లేదు. ఉద్యోగం అప్పుడే ఒంటబట్టింది.

నీరు నిర్దోషి కాగానే ఇక మిగిలింది అంకమ్మే. ప్రోటీన్‌ని ఏ దారిన బయటికి పంపిస్తోందో కనిపెట్టమని వంటగదికి ఒక హోంగార్డుని వేశారు. అతని పేరు నాగూర్. గుండిగ పక్కన స్టూలు వేసుకుని కూర్చునేవాడు. పప్పు పొంగి నురగ వస్తే పట్టుకుని సీసాలో పోసేవాడు. ఆవిరి బయటికి పోకుండా మూత మీద తడి గోనెసంచి కప్పి, దానిమీద ఇటుక పెట్టాడు. ఇటుక ఎత్తినప్పుడల్లా అంకమ్మ చేత సంతకం పెట్టించాలి. ఆమె వేలిముద్ర వేసేది. మధ్యాహ్నానికి ఆ పుస్తకం నిండా పసుపు వేలిముద్రలే.

తొమ్మిదో తేదీన అద్భుతం జరిగింది. ఆ రోజు నమూనాలో ప్రోటీన్ పదకొండు వచ్చింది. శేషావతారం గారు బల్ల చరిచి లేచారు.

"ఏడు నుండి పదకొండు! ఒక్క హోంగార్డు ఉంటేనే నాలుగు గ్రాములు ఆగినది. నలుగురిని వేస్తే?"

నేను హాస్టల్‌కి ఫోన్ చేసి కనుక్కున్నాను. ఆ రోజు కుళాయి రాలేదు. అంకమ్మ ఉన్న రెండు బిందెలతోనే సర్దుకుని పప్పు గట్టిగా వండింది. సారుకి చెప్పాను, చాలా మెల్లగా.

"నీటి ప్రస్తావన తీసుకురావద్దు. నీటిపై ఫైలు మూసి ఉన్నది" అన్నారు.

మర్నాడు కుళాయి వచ్చింది, ప్రోటీన్ మళ్ళీ ఏడుకి దిగింది. విధినిర్వహణలో కునుకు తీసి నాలుగు గ్రాములు పోనిచ్చినందుకు పాపం నాగూర్‌కి మెమో వెళ్ళింది. అతను స్టూలు అంకమ్మకి అప్పగించి, "అమ్మా, నేను బ్యాంకుల దగ్గర కాపలా ఉన్నా, కలెక్టరాఫీసు దగ్గర ఉన్నా. పప్పు అంత కష్టం ఎక్కడా లేదు" అని చెప్పి వెళ్ళిపోయాడట.

అప్పుడు తీసుకున్నారు మా సారు అసలైన నిర్ణయం. ఆయన బోర్డు మీద రెండు అంకెలు వేసి, ఏడుని కొట్టేసి, ఇరవై రెండు చుట్టూ సున్నా చుట్టారు.

"నష్టం వండునప్పుడు కలుగుచున్నది. కావున వండరాదు. స్టోరు నుండి నేరుగా కంచంలోనికి. ఇక నుండి ప్రతి కంచంలో పడు పప్పునందు విధిగా ఇరవై రెండు గ్రాములు ఉండవలెను."

"నానబెట్టమందామా సార్? పిల్లలు కదా" అన్నాను.

"నానినచో ఎంత?"

ఫణీంద్రని అడిగాం. నానిన పప్పులో పది, పన్నెండు ఉంటుందన్నాడు. "చూశావా, తాకితేనే పోతున్నది!" అన్నారు సారు. నానబెట్టడం కూడా నిషేధించారు. ఆ సాయంత్రమే నేను వెళ్ళి హాస్టల్ గ్యాసు పొయ్యికి లక్కతో సీలు వేసి వచ్చాను. అంకమ్మ గుమ్మంలో నిలబడి చూసింది. లక్క కరిగించడానికి అగ్గిపెట్టె తనే అందించింది. తిట్టినా బాగుండేది.

పదకొండో తేదీ మధ్యాహ్నం రెండొందల మంది ఆడపిల్లలు అన్నంలో పచ్చి కందిపప్పు కలుపుకుని తిన్నారు. ఆ చప్పుడు బస్టాపుకి వినిపించింది. తారు రోడ్డు మీద కంకర పోస్తున్నట్టుంది. సాయంత్రానికి సగం మంది కడుపు పట్టుకుని పడుకున్నారు. రాత్రి మిగతా సగం పడుకుందామంటే ముందు పడుకున్న వాళ్ళు పడుకోనివ్వలేదు. వార్డెను సుగుణకుమారి గారు పొద్దున్నే ఆఫీసుకి పరిగెత్తుకొచ్చారు.

"సార్, పిల్లలకి కడుపునొప్పులు. ఒక్కరికీ అరగడం లేదు. ఎనిమిదో తరగతి పిల్ల నన్ను అడుగుతోంది, మేడం మేం గుర్రాలమా అని. ఏం చెప్పమంటారు?"

"రిపోర్టులో ఇరవై రెండు ఉన్నదా లేదా?"

"ఉంది సార్. కంచంలో ఉంది. ఒంటికి పట్టాలి కదా?"

"మేడం, కంచం వరకే మన శాఖ పరిధి. కడుపు గుర్తింపు పొందిన లేబరేటరీ కాదు."

ఆ మాటతో నాకే ఒళ్ళు మండింది. ఫణీంద్రని ఫోన్లో పట్టి, స్పీకరు పెట్టి, అడిగిందే కాబట్టి చెప్పమన్నాను. అతను పాపం బాగానే చెప్పాడు. పచ్చి గింజలో అరుగుదలని అడ్డుకునే పదార్థాలు ఉంటాయని, నానబెట్టి ఉడికిస్తే అవి చాలావరకు విరిగిపోతాయని, అప్పుడే ప్రోటీన్ ఒంటికి అందుతుందని అన్నాడు. మరీ మాడ్చి వేపితే నష్టమే గానీ ఉడకబెడితే మేలేనని కూడా అన్నాడు.

శేషావతారం గారి కళ్ళు చెమర్చాయి.

"అనగా, ప్రోటీన్‌ను ఎవరూ తీసుకొనకుండా గింజ తనలోనే కాపలా పెట్టుకున్నదా?"

"అలా కూడా అనొచ్చు సార్."

"చూశావా మాల్యాద్రీ! మన శాఖ పుట్టక ముందే గింజ పరిరక్షణ మొదలుపెట్టినది. అట్టి కాపలాను ఈ అంకమ్మ ఇరవై రెండేళ్ళుగా నిప్పు పెట్టి ధ్వంసం చేయుచున్నది. మెమోలో రెండవ అభియోగంగా చేర్చు."

చేర్చాను. ఏం చేయను? పెళ్ళాం పిల్లలున్న వాడిని. అలా అనుకుంటే ధైర్యంగా ఉంటుందనుకున్నాను గానీ, సిగ్గేసింది. ఆ కాగితం పట్టుకుని నేను హాస్టల్‌కి వెళ్ళేసరికి పన్నెండో తేదీ మధ్యాహ్నం. అంకమ్మ వంటగదిలో లేదు. మేడ మీద ఉందన్నారు.

మేడ ఎక్కి చూస్తే మార్చి ఎండ నెత్తి మాడ్చేస్తోంది. నేల మీద వరసగా నాలుగు పాత నేత చీరలు పరిచి ఉన్నాయి. వాటి మీద వడియాలు పెట్టినట్టు ఉడికిన పప్పు పల్చగా పరిచి ఉంది. అంకమ్మ కొంగు నెత్తిన వేసుకుని కాకుల్ని తోలుతోంది.

"పొయ్యికి సీలు వేశాం కదా పెద్దమ్మా. ఎక్కడ ఉడకబెట్టావు?"

"గ్యాసు పొయ్యికి ఏశావు. పెరట్లో మూడు రాళ్ళకి ఏశావా?" అంది. "పిల్లకాయలు రాత్రంతా మెలికలు తిరిగిపోయారు నాయనా. నిప్పు చూడని పప్పు ఒంటికి పట్టదు. మీ సారుకి గావాల్సింది కంచంలో ఇరవై రెండు. అంతే గదా? నీళ్ళు పోస్తే తగ్గిందని గదా గోల. ఆ నీళ్ళని ఎండకి ఇచ్చేస్తన్నా. మిగిలింది మీ సారు కొలుచుకోనీ."

మర్నాటికి ఆ పప్పు గలగలలాడింది. రోట్లో వేసి దంచితే పొడి అయింది. పిల్లలకు కంచంలో అన్నం, పక్కన ఆ పొడి, గ్లాసులో వేణ్ణీళ్ళు పెట్టింది. పిల్లలు పొడి మీద వేణ్ణీళ్ళు పోసుకుని కలిపారు. నిమిషంలో అది పప్పయింది. ఉప్పూ కారం ముందే ఉన్నాయి. ఆ మధ్యాహ్నం హాస్టల్లో ఎవరూ మాట్లాడలేదు, అంత ఆకలిగా తిన్నారు. నీళ్ళు పోయకముందు నేను పొడి నమూనా తీసి 'అర్జంటు' ముద్ర వేసి పంపాను. ఒక మొక్కు కూడా మొక్కుకున్నాను.

పద్నాలుగున రిపోర్టు వచ్చింది. ఇరవై రెండు.

నేను మెట్లు రెండేసి ఎక్కి సారు గదిలోకి వెళ్ళాను. "సార్, పోయిన పదిహేను గ్రాములూ దొరికాయి. అంకమ్మ మీద మెమో ఎత్తేయొచ్చు" అన్నాను.

ఆయన రిపోర్టు చదివి, కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నారు.

"ఎత్తివేయుటయా? ఆమె వద్ద లేనిదే ఎలా తెచ్చి ఇచ్చినది? ఇచ్చినది అనగా ఉన్నది. ఉన్నది అనగా తీసినది. మాల్యాద్రీ, ఇంతకాలం అనుమానం. ఈ రోజు సొత్తుతో సహా దొరికినది. తొలగింపు ఉత్తర్వు టైపు చెయ్యి."

టైపు మిషను ముందు కూర్చున్నాను. ఆమె చేతులు చాపి చూపించిన సంగతి గుర్తొచ్చింది. మళ్ళీ ఆయన గదిలోకి వెళ్ళి, "సార్, అవి నీళ్ళు సార్. పోస్తే తగ్గింది, ఆరితే పెరిగింది. ఆవిడ ఏమీ తీయలేదు" అన్నాను. గట్టిగానే అన్నాను. బయట అటెండరుకి వినిపించేంత గట్టిగా.

"నీటిపై మూసిన ఫైలు తిరిగి తెరుచు అధికారం నాకు లేదు. నీకు అసలే లేదు. వెళ్ళు" అన్నారు.

నేను వెళ్ళి కూర్చున్నానే గానీ టైపు చేయలేదు. రిబ్బన్ అయిపోయిందని చెప్పాను. ఇరవై ఏళ్ళలో నేను ఆడిన మొదటి అబద్ధం అది కాదు కానీ, పనికొచ్చిన మొదటి అబద్ధం అదే.

పదిహేనో తేదీ పొద్దున పై ఆఫీసు నుంచి ఫోనొచ్చింది. లేబరేటరీ రిపోర్టులు వాళ్ళకు కూడా వెళ్తాయి. గల్లంతైన ప్రోటీన్‌ని నూటికి నూరు పాళ్ళు రాబట్టిన విభాగం రాష్ట్రంలో మాదొక్కటేనట. అభినందనలు తెలిపి, ఈ పద్ధతిని జిల్లాలోని నలభై ఆరు హాస్టళ్ళకూ విస్తరించమన్నారు. దానికి ప్రోటీన్ పునరుద్ధరణ కేంద్రం పెట్టాలన్నారు. నిపుణులెవరో పేరు చెప్పమన్నారు.

శేషావతారం గారు ఫోను చేత్తో మూసి నా వంక చూశారు. ఆయన మొహం చూస్తే నాకు మొదటిసారి జాలేసింది. నిపుణులు జిల్లా మొత్తానికి ఒక్కరే ఉన్నారు. ఆ ఒక్కరినీ కాసేపట్లో దొంగతనం కింద తీసేయబోతున్నాం.

"ఉత్తర్వు టైపు అయినదా?"

"రిబ్బన్ రాలేదు సార్."

"దైవకృప" అన్నారు. ఫోన్లో అంకమ్మ పేరు చెప్పి పెట్టేశారు. తర్వాత మెమో రద్దు ఉత్తర్వు తానే చెప్పారు, నేను రాసుకున్నాను. 'సదరు అంకమ్మ గారు పదిహేను గ్రాముల ప్రోటీన్‌ను అపహరించలేదు. వండు సమయమున దానికి ముప్పు వాటిల్లునని గ్రహించి, తమ వద్ద తాత్కాలిక భద్రతలో ఉంచి, అడిగిన వెంటనే అప్పగించినారు.' ఆ మధ్యాహ్నం జాబితాలో ఆమె పేరు అలాగే పై ఆఫీసుకు వెళ్ళింది. నెలలో పర్మినెంటు ఉత్తర్వు వచ్చింది. అంకమ్మ కేంద్రానికి పెద్ద. కింద ఆరుగురు ఆడవాళ్ళు, మేడ మీద నలభై చీరలు, కాకుల్ని తోలడానికి నాగూర్.

ఇప్పుడు మా జిల్లాలో పప్పు ఎలా వండుతారో చెప్తాను. కందిపప్పుని కేంద్రానికి తెస్తారు. నీళ్ళు పోసి ఉడకబెడతారు. ఎండబెట్టి నీళ్ళు తీసేస్తారు. దంచి పొడి చేసి, సంచుల్లో పోసి, సీలు వేసి, లారీలో నలభై ఆరు హాస్టళ్ళకూ పంపుతారు. అక్కడ మళ్ళీ నీళ్ళు పోసి ఉడకబెట్టి పిల్లలకు వడ్డిస్తారు. పిల్లల కడుపులు బాగున్నాయి. సారు బదిలీ మీద పై ఆఫీసుకు వెళ్ళారు. లారీలో సంచుల బాధ్యత నాది. నన్ను ప్రోటీన్ రవాణా సంరక్షకుడు అంటారు.

మూడు నెలలు హాయిగా గడిచాయి. తర్వాత ఎవరికో బుద్ధిపుట్టి హాస్టల్ కంచంలోంచి నమూనా తీశారు. పోయిన సోమవారం నా బల్ల మీద మెమో ఉంది. 'కేంద్రం వద్ద ఇరవై రెండు. కంచం వద్ద ఏడు. మధ్యలో ఉన్నది తమరే. సదరు పదిహేను గ్రాములు ఎక్కడ?' కింద ఆకుపచ్చ సిరా సంతకం. వెనక ఏడో నంబరు ఫారం జత చేశారు.

దాన్ని పట్టుకుని కేంద్రానికి వెళ్ళాను. అంకమ్మ కొంచెం ఒళ్ళు చేసింది, చేతులకు గాజులు బిగువుగా ఉన్నాయి. చదివి వినిపిస్తే కొంగు నోటికి అడ్డం పెట్టుకుని చాలాసేపు నవ్వింది.

"దీనికి బెంగ దేనికి నాయనా? నీళ్ళు పోశారని రాయి."

"ఎక్కడ రాయను పెద్దమ్మా? నీళ్ళకు..." అని ఆగిపోయాను.

ఆమె నవ్వు ఆపి నా మొహంలోకి చూసింది. గుర్తున్నట్టే ఉంది. నా చేతిలోంచి ఫారం తీసుకుని, నా జేబులోంచి పెన్ను తీసుకుని, కరివేపాకు గడి పక్కన ఖాళీగా ఉన్న అంచు మీద పై నుంచి కింద దాకా ఒక గీత గీసింది. వంకరగా వచ్చింది. గీత పొడుగునా పసుపు వేలిముద్రలు పడ్డాయి.

"ఇదుగో గడి. రాసుకో."

రాశాను. నీళ్ళు, మూడు కిలోలు. రాయడానికి రెండు క్షణాలు పట్టింది. ఆమె సంజాయిషీ రాసుకున్న ఆ మొదటి రోజు కూడా అంచు ఖాళీగానే ఉంది, పెన్ను నా జేబులోనే ఉంది.

మర్నాడే రెండో మెమో వచ్చింది. పదిహేను గ్రాముల సంగతి అందులో లేదు. ప్రభుత్వ ఫారంలో అనధికారికంగా గీత గీసిన వారెవరో, వేలిముద్రలు ఎవరివో మూడు రోజుల్లో తెలియజేయవలెనట. నేను మూడు రోజులు తీసుకోలేదు. బొటనవేలు పసుపు డబ్బాలో ముంచి, కాగితం కింద ముద్ర వేసి, దాని మీద 'గీత గీసింది నేనే' అని రాసి సంతకం పెట్టాను.